పడుగు ఆరకముందే తీసిన ఫోటో

మొన్న ఆదివారం మా మనుమరాలు పట్టుబట్టి నన్ను హనుమకొండలో కొత్తగా తెరిచిన ఒక పెద్ద హోటలుకు భోజనానికి తీసుకువెళ్లింది. పాతకాలం పద్ధతిలో కట్టారట, నాకు నచ్చి తీరుతుందట. పాతకాలమంటే వాళ్లకు ఏమిటో లోపల అడుగు పెట్టగానే తెలిసిపోయింది. గోడనిండా కందిళ్లు, విసుర్రాళ్లు, ఎవరి ఇంట్లోదో ఒక రాట్నం తలకిందులుగా వేలాడుతోంది, మగ్గం మీద పోగు మోస్తూ అటూ ఇటూ ఆడవలసిన నాడెలను వరసగా మేకులు కొట్టి బిగించారు. మా ఇంట్లో నాడె పొరపాటున కాలికి తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం, అటువంటిదానికి మేకు కొట్టడానికి చేతులెలా వచ్చాయో నాకు తెలియదు. సరే, వచ్చింది తిండికి, తిని పోదామని కూర్చున్నాను. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు కనిపించింది అది.

మనిషి ఎత్తున ఒక చెక్క బొమ్మ. బనీను వేసుకుని, ధోవతి ఎగగట్టి, చేతులు రెండూ చాచి ముందుకు వంగిన చెడుగుడు ఆటగాడు. ముఖం ఉండవలసిన చోట గుండ్రటి రంధ్రం. వచ్చినవాళ్లందరూ వెనక నుంచి అందులో తల పెట్టి, నాలుక చాపి, కన్ను కొట్టి ఫోటోలు దిగుతున్నారు. బొమ్మ కాళ్ల దగ్గర 'కాశిబుగ్గ చిరుత' అని రాసి ఉంది. పక్కనే అద్దాల చట్రంలో, పట్టుమని అరచేయంత కూడా లేని పాత అట్టముక్క ఒకటి, దానికి కూడా ముఖం దగ్గర రంధ్రమే. దాన్ని చూసే ఈ పెద్దది చేయించారన్నమాట. మా మనుమరాలు ఫోను తీసి, "అమ్మమ్మా, జర నువ్వు గూడ మొఖం వెట్టు, మస్తుంటది" అన్నది. కోపంతో ఆ ఫోనును చేత్తో పక్కకు తోసేశాను. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. ఇంటికి వచ్చాక అమ్మమ్మకు చాదస్తం ఎక్కువైందని వాళ్లలో వాళ్లు అనుకోవడం నా చెవిన పడింది. చాదస్తమో కాదో, నా ఈడువాళ్లు మీరే చెప్పండి.

నేను పుట్టి పెరిగింది కాశిబుగ్గలో, నేతపనివాళ్ల ఇంట్లో. నిజాం జమానా అది. పెద్ద యుద్ధం ముగిసిందని అందరూ చెప్పుకుంటున్నా నూలు మీద సర్కారు కంట్రోలు మాత్రం ముగియలేదు. నూలు దొరికిన వారం ఇంట్లో పండుగ, దొరకని వారం మగ్గం మీద దుమ్ము. ఇంట్లో బాపు, అమ్మ, నాయనమ్మ, నేను, ఇంకా బాపు తమ్ముడు. అతన్ని నేను కాక అని పిలిచేదాన్ని. సన్నగా, చామనఛాయగా, ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చతో, ఎప్పుడూ ఏదో నవ్వుకోబోతున్నట్టు ఉండే ముఖం. ఈ నాలుగు మాటలూ కాస్త గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఆ ముఖానికి ఇవి తప్ప వేరే ఆధారం లేదు.

కాక పగలంతా గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని నేసేవాడు, పొద్దుగుంకే వేళకు వాడకట్టు మగవాళ్లతో మైదానంలో చెడుగుడు ఆడేవాడు. గుంటలో కూర్చునేవాళ్లకు పరుగేం వస్తుందని మట్టెవాడ దుకాణాలవాళ్లు ఎగతాళి చేసేవారు గాని, రోజంతా మగ్గం చెక్కలు తొక్కిన కాళ్లను పట్టి ఆపడం ఎంత కష్టమో గీత దాటి వచ్చినప్పుడు వాళ్లకే తెలిసేది. కాక కూతకు వెళ్తే ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. పెద్దగా అరిచేవాడు కాదు, నాడె ఆడినట్టు ఒకే వరసలో సన్నగా సాగేది ఆ కూత, నలుగురు మీద పడినా తెగేది కాదు. జాతరలో జరిగిన పందేలలో మా కాశిబుగ్గ జట్టు చుట్టుపక్కల జట్లన్నిటినీ ఓడించినప్పుడు, జనమే అతనికి చిరుత అని పేరు పెట్టారు. నాకు ఆ రోజుల్లో దేవుడి తర్వాత దేవుడు కాకే. ఒక్కొక్కప్పుడు ముందు కాకే.

మట్టెవాడలో ఒక బీడీల సేటు ఉండేవాడు. సొంత కార్ఖానా. ఆ గెలుపు చూసి జట్టుకంతా కొత్త బనీన్లు కుట్టించాడు, అంతవరకు మంచివాడే. తర్వాత అతనికి ఒక ఉపాయం తోచింది. పట్నం నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించి, ఒక్కొక్క ఆటగాడికి విడివిడిగా ఫోటో తీయించి, వాటిని చిన్న చిన్న అట్టముక్కల మీద అచ్చు వేయించి బీడీ కట్టకు ఒకటి చొప్పున పెట్టిస్తే కట్టలు ఇట్టే అమ్ముడుపోతాయని. ఉపాయం చెడ్డదేం కాదు. చెడ్డదల్లా దాన్ని అమలు చేసిన తీరు.

ఫోటోకు రమ్మని కబురు వచ్చింది సరిగ్గా ఫోటో తీసే రోజు పొద్దున. అప్పటికే మా ఇంటి ముందు వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టేశారు. మగ్గం ఎరిగినవాళ్లకు ఇక చెప్పనక్కరలేదు, ఎరగనివాళ్ల కోసం చెబుతాను. పడుగుకు, అంటే బట్టలో నిలువుగా సాగే పోగులకు, గంజి పట్టించాక అది ఆరేదాకా ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు కుంచెతో దువ్వుతూనే ఉండాలి. ఒక్కరు పక్కకు పోయినా పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని తాడు పేనినట్టు అవుతాయి, ఇక ఆ నూలు ఎందుకూ పనికిరాదు. మామూలు రోజుల్లో అయితే పోయిన నూలు పోయిందనుకుని ఇంకో బేలు తెచ్చుకోవచ్చు. కంట్రోలు రోజుల్లో ఆ పడుగు పోతే పొయ్యి ఆరిపోయినట్టే. జట్టులో మిగతావాళ్లకు ఆ రోజు మగ్గం మీద పని, నేత ఆపి లేచి వెళ్లిపోయారు. కాక చేతిలో కుంచె ఉంది. దాన్ని కింద పెట్టకుండానే నన్ను పిలిచి, పడుగు ఆరంగనే ఉరికొస్తా, అందరివీ తీసినంక ఆఖర్న నాది తియ్యమను అని చెప్పి పంపాడు.

కాశిబుగ్గ నుంచి మట్టెవాడ దాకా నేను పరుగెత్తిన పరుగు ఇప్పటికీ నా కాళ్లకు గుర్తుంది. సేటు కార్ఖానా పెరట్లో మా వాళ్లంతా వరసగా నిలబడి ఉన్నారు. నేను రొప్పుతూ చెప్పవలసింది చెప్పాను. సేటు కుర్చీలోంచి లేవలేదు, నా మీద కోపగించుకోనూ లేదు, కోపగించుకున్నా బాగుండేది. తాపీగా నవ్వి అన్నాడు.

"నీ పడుగు ఆరేదాక ఫోటో ఆగుతదా బిడ్డా? ఎవని మొఖమైతేంది, బనీను ఒక్కటే గదా."

అని, పక్కన తల దువ్వుకుంటూ నిలబడ్డ తన మేనల్లుడిని పిలిచి, కాక కోసం మడతపెట్టి ఉంచిన బనీను వాడికి తొడిగించాడు. ఆ అబ్బాయి ఒక్కనాడు మైదానంలో కాలు పెట్టి ఎరగడు. చేతులు ఎలా చాచాలో మా జట్టు నాయకుడే, వరసకు నాకు మామ అవుతాడు, తల వంచుకుని చూపించవలసి వచ్చింది. నేను గడప మీద నిలబడి అదంతా చూశాను. ఆ ఫోటోగ్రాఫరు పని అయిపోయాక పాన్ నములుతూ మధ్యాహ్నం దాకా అక్కడే బాతాఖానీ కొట్టాడని తర్వాత తెలిసింది. అప్పటికి మా పడుగు ఆరింది, చుట్టి లోపల పెట్టారు, కాక స్నానం చేసి తల కూడా దువ్వుకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ పాన్ తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు బొమ్మలు వచ్చాయి. వాటి కోసం మేము పడ్డ పాట్లు ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. బీడీ తాగని తండ్రులున్న పిల్లలు తాగే మామలను వెతుక్కుంటూ పోయేవారు, దుకాణం ముందు కాపు కాసి కట్ట విప్పినవాళ్లనల్లా అట్ట ఇమ్మని దేబిరించేవారు. నాకు ఆ బాధ లేదు, మా నాయనమ్మే ఒక కార్ఖానాకు సరిపడా బీడీలు కాల్చేది. వాడకట్టులో ఆడపిల్లనై ఉండి నా దగ్గర ఉన్నన్ని బొమ్మలు మగపిల్లల దగ్గర కూడా ఉండేవి కావు, అందుకే నన్ను ఆటకు రానివ్వకపోయినా మారకానికి మాత్రం ముందు పిలిచేవారు. నిజాం బడులకు శుక్రవారం సెలవు కదా, ఆ రోజు మట్టెవాడ పిల్లలూ మేమూ దారిలో ఒక గోడ నీడన చేరేవాళ్లం. పట్టు పట్టేవాళ్ల బొమ్మలు రెండిస్తే కూతకు పోయేవాడి బొమ్మ ఒకటి, జట్టు నాయకుడు కావాలంటే ఇంకొకటి పైన వెయ్యాలి. మాటలు, అలకలు, ఒట్లు, పెద్దల బేరాలు దాని ముందు దిగదుడుపే.

అన్నిటికంటే గిరాకీ ఉన్న బొమ్మ ఏదనుకున్నారు? 'కాశిబుగ్గ చిరుత'. కింద తెలుగులోనూ ఉర్దూలోనూ కాకకు జనం పెట్టిన పేరు, పైన పౌడరు రాసుకున్న మేనల్లుడి ముఖం. మట్టెవాడ పిల్లలు దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసేవారు. మా వాళ్లలో కూడా కొందరు, ఎవరి ముఖమైతేనేం చిరుత చిరుతే, దాచుకుందాం అన్నారు. సేటు మాటే మా పిల్లల నోట వినేసరికి నాకు ఏడుపు వచ్చింది.

మొదటి చిరుత బొమ్మను తీసుకువెళ్లి నేను కాకకే ఇచ్చాను. మగ్గం ఆపి, వెలుతురుకు పట్టి చూసి, బనీను మంచిగనే వచ్చిందని నవ్వి తిరిగి ఇచ్చేశాడు. అంతే. మళ్లీ నాడె ఆడింది. అతనికి రాని కోపం కూడా నాకే వచ్చింది. ఆ ఇంట్లో నన్ను అర్థం చేసుకున్నది నాయనమ్మ ఒక్కతే. ఆమె బొమ్మ చూసి, నోట్లో వెలుగుతున్న బీడీని తీసి గోడకు రాసి ఆర్పేసి, "నా కొడుకు మొఖం గాదన్నోని బీడీ నా నోట్ల వెట్ట" అన్నది. ఏళ్ల తరబడి అలవాటైన బీడీ మానేసి ఘాటుకు గొంతు మండే వేరే బీడీతో సరిపెట్టుకుంది. నా బొమ్మల రాబడి ఆనాటితో సగం పడిపోయింది, అయినా ఆమె మీద నాకు ఇంత కూడా కోపం రాలేదు.

అప్పుడు తోచింది నాకు. నేతవాళ్ల ఇంట్లో పోగు తప్పు పడితే నేసినంత మేర విప్పి సరిచేస్తారు గాని తప్పు మీద నేసుకుంటూ పోరు. పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీసుకుని, ఆ బొమ్మలో ముఖం వరకు కత్తిరించి పారేశాను. బనీను ఉంది, చాచిన చేతులున్నాయి, పేరుంది, ముఖం లేదు. గడ్డం దగ్గర కత్తెర జారి చిన్న గాటు పడింది. దాన్ని కంటికి ఆనించుకుని మగ్గం వైపు చూస్తే, ఆ రంధ్రంలో కాక ముఖం సరిగ్గా ఇమిడింది. వాడకట్టు పిల్లలందరినీ పిలిచి చూపించాను. దాచుకుందామన్నవాళ్లు కూడా ఆ రంధ్రంలోంచి చూసి కత్తెర అడిగారు. ఆ రోజు నుంచి కాశిబుగ్గలో ముఖం ఉన్న చిరుత చెల్లదు. రంధ్రం ఉన్నదే అసలుది.

మట్టెవాడ పిల్లలు మండిపడ్డారు. చిరిగిన బొమ్మ మాకొద్దన్నారు, ముఖమున్నది మాకొద్దని మేమన్నాం. శుక్రవారాలు వచ్చిపోతున్నాయి, మారకం లేదు. కాని బీడీలు ఎక్కువగా తాగేది నేతవాళ్లు, కాబట్టి బొమ్మలు ఎక్కువగా ఉన్నదీ మా దగ్గరే. చివరికి బట్టల దుకాణం వాళ్ల అబ్బాయి ఒకడు ఉండబట్టలేక వచ్చి, తన దగ్గరున్న జట్టు నాయకుడి బొమ్మ ఇచ్చి నా రంధ్రం బొమ్మ పట్టుకుపోయాడు. గడ్డం దగ్గర గాటు పడిన మొట్టమొదటిది, అదే. ఆ తర్వాత మిగతావాళ్లూ దారికి వచ్చారు.

ఆ ఏడు పందెం రోజు ముచ్చట చెప్పాలి. సేటు మేనల్లుడికి జనం తన ముఖం చూసి చిరుత చిరుత అంటుంటే తలకెక్కినట్టుంది, ఆ బనీను వేసుకుని తానే ఆడతానని దిగాడు. సేటు సొమ్ముతో సాగుతున్న జట్టు, కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. కాకను గీత బయట నిలబెట్టారు. మేము పిల్లలం ఊరుకోలేదు. వరసగా కూర్చుని, రంధ్రం బొమ్మలు కంటికి ఆనించుకుని, అందరం కాక వైపే చూశాం. ఆటంతా అటు జరుగుతుంటే పిల్లలు ఇటు చూస్తున్నారేమని పెద్దలు తిరిగి చూశారు, సంగతి తెలిసి నవ్వు మొదలైంది. మేనల్లుడు మొదటి కూతలోనే ఊపిరి తెగి పట్టుబడ్డాడు. జట్టు నాయకుడైన మా మామ ఇక ఆగలేక కాకను రమ్మని చెయ్యూపాడు. బనీను విప్పి ఇవ్వడానికి సేటు ఒప్పుకోలేదు. కాక ఒంటి మీద బనీను లేకుండానే, ధోవతి ఎగగట్టి గీత దాటాడు. ఆ కూత వింటూ నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను చూశాను. గెలిచామని చెప్పనక్కరలేదు. కాని ఆ రోజు అక్కడ ఫోటో తీసేవాడు ఎవడూ లేడు.

ఆ మరుసటేడు సేటు జట్టును వదిలేశాడు, బొమ్మలు ఆగిపోయాయి. నూలు మరీ కరువై కాక షోలాపూరు మిల్లుకు వెళ్లాడు, అక్కడే జ్వరం వచ్చి పోయాడని కబురు తెలిసింది. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఒక్క ఫోటో లేదు. ఒకే ఒక్కసారి తీస్తామన్నారు, ఆ పడుగు ఆరేదాకా ఆగలేకపోయారు.

ఇప్పుడు చెప్పండి, ఆ హోటలులో నాకు కోపం రావడం చాదస్తమేనా? చట్రంలో ఉన్న అట్టముక్క దగ్గరకు పోయి అద్దానికి ముక్కు ఆనించి చూశాను. గడ్డం దగ్గర గాటు ఉంది. మట్టెవాడలో ఒక పాత ఇల్లు కూల్చినప్పుడు పెట్టెలో దొరికితే కొన్నారట. నేను మేనేజరును పిలిపించి, ఇది ఫలానావాడి బొమ్మ, ముఖం ఎందుకు లేదో తెలుసా అని మొదలుపెట్టి, కనీసం అతని పేరు రాయించి ఆ రంధ్రం మూసెయ్యమని అడిగాను. ఆ పిల్లవాడు చాలా మర్యాదగా, చేతులు కట్టుకుని విన్నాడు. విని నవ్వుతూ అన్నాడు.

"మంచిగ చెప్పిన్రు అమ్మా. గానీ ఫోటో పాయింటు కదా, ఎవరి ఫేస్ పెట్టినా సూపర్ వస్తది."

సేటు మళ్లీ లేచి వచ్చి నా ముందు నిలబడినట్టయింది. కాకపోతే సేటును తిట్టుకోవడానికి వీలుండేది, వాడు అచ్చు వేయించిన బొమ్మ ముఖాన కత్తెర పెట్టడానికి వీలుండేది, వీధి వీధంతా నా పక్కన నిలబడింది. ఈ పిల్లవాడిలో ఇంత కూడా కల్మషం లేదు. తల పెట్టి నవ్వేవాళ్లలో లేదు, మా మనుమరాలిలో అసలే లేదు. ఎవరి మీద కోపగించుకోవాలి? కాకది తప్ప ఎవరి ముఖమూ పెట్టడానికి వీల్లేదని మేము కత్తిరించిన చోట, ఇప్పుడు దారిన పోయే ప్రతివాడూ తల దూరుస్తున్నాడు. ఆ రోజుల్లో అన్యాయం చేసినవాడికి అది అన్యాయమని తెలిసేది, అది తెలుసు కాబట్టే బనీను విప్పనివ్వలేదు. ఇప్పుడు తెలియడానికి కూడా ఎవరికీ తీరిక లేదు.

లేచి వచ్చే ముందు, జనం లేని సమయం చూసి ఆ బొమ్మకు ఒక ఫోటో తీయమని మా మనుమరాలిని అడిగాను. తీసింది. ఎవ్వలు లేని ఫోటో ఎందుకు అమ్మమ్మా అన్నది.

"ఎవ్వలు లేరని నీకెవలు చెప్పిన్రే" అన్నాను.

అది ఏమనుకుందో గాని, మరునాడు ఆ ఫోటో పెద్దది చేయించి తెచ్చి నా మంచం ఎదురుగా గోడకు పెట్టింది. ఆ రంధ్రంలో సన్నటి ముఖం, చామనఛాయ, ఎడమ కనుబొమ మీద మచ్చ, ఏదో నవ్వుకోబోతున్నట్టు. పొద్దున లేవగానే నాకు కనిపిస్తుంది. ఈ లోకంలో అది కనిపించే కళ్లు ఇక నావి రెండే మిగిలాయి.